టెక్సస్ పెరట్లో సల్కాటా తాబేటికి కొట్టం, ప్రహరీ కట్టే పద్ధతి

పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోయే సల్కాటా తాబేలు పూర్తిగా ఎదిగాక రెండు అడుగులకు పైగా పొడవు, 40 నుంచి 50 కిలోల బరువు వస్తుంది. కొన్ని మగవి అంతకంటే చాలా పెద్దవవుతాయి. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం దీని స్వస్థలం కాబట్టి, దీనికి శీతాకాలమంతా నిద్రపోయే అలవాటు లేదు. డాలస్ పరిసరాల్లో ఎండాకాలం దీనికి బాగానే సరిపోతుంది గాని, నవంబరు నుంచి మార్చి దాకా రాత్రిపూట చలి, దానితోపాటు తడి కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. అందువల్ల ఈ తాబేటిని పెరట్లో పెంచాలనుకునేవారు మొదట ఆలోచించవలసింది వెచ్చని కొట్టం గురించి. ప్రహరీ, పచ్చిక, నీటి పళ్లెం ఆ తరువాతి సంగతులు.

ఈ వివరాలన్నీ సల్కాటాకు సంబంధించినవి మాత్రమే. మన ఊళ్లలో కనిపించే నక్షత్ర తాబేటిని, ఇంట్లో ఉంటే అదృష్టమన్న నమ్మకంతోనైనా సరే, భారతదేశంలో పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. టెక్సస్‌లోనైనా కట్టడం మొదలుపెట్టే ముందు మీ నగరపాలక సంస్థ నిబంధనలనూ, మీ కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం ఉంటే పెరటి షెడ్లపై దాని నియమాలనూ చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అలాగే, పిల్ల తాబేలు ఎనిమిది అంగుళాల పొడవు వచ్చేవరకు దాన్ని ఇంటిలోపల వెచ్చగా, తేమగా ఉండే పెట్టెలో పెంచడమే మంచిదని నా అభిప్రాయం.

కొట్టాన్ని నేడు ఉన్న తాబేటికి కాకుండా రేపు ఎదిగే తాబేటికి సరిపోయేలా కట్టాలి. ఒక్కదానికి లోపలి కొలత నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు ఉంటే చాలు. ఎత్తు రెండు, రెండున్నర అడుగులు మించనక్కరలేదు, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ వేడి తాబేటి దగ్గర నిలవకుండా పైకప్పు కిందికి చేరుతుంది. బజారులో దొరికే పల్చటి ప్లాస్టిక్ షెడ్డును కొని లోపల దీపం వేలాడదీసినంత మాత్రాన రాత్రి గడవదు. గోడలు, నేల, కప్పు అన్నింటినీ రెండు ప్లైవుడ్ పలకల మధ్య రెండు అంగుళాల గట్టి ఫోమ్ షీటు ఉండేలా తయారుచేసి, కీళ్ల దగ్గర సందులను సీలెంటుతో పూడ్చాలి. ఫోమ్ ఎక్కడా బయటికి కనిపించకూడదు, కనిపిస్తే తాబేలు దాన్ని కొరికి మింగుతుంది. కప్పును బందులతో బిగించి పైకి తెరుచుకునేలా చేస్తే శుభ్రం చేయడం, జబ్బుపడిన తాబేటిని బయటికి తీయడం సులువవుతాయి. కొట్టాన్ని వాన నీరు నిలవని మెరక మీద, నేలకు కొన్ని అంగుళాల ఎత్తున ఇటుకలపై నిలబెట్టి, ద్వారం దక్షిణానికో తూర్పుకో పెట్టి, జారకుండా ఇసుక కలిపిన రంగు పూసిన వాలు పలకను ముందు అమర్చండి. ద్వారానికి మందపాటి ప్లాస్టిక్ పట్టీల తెర వేలాడదీసి, రాత్రిపూట మూసేందుకు విడిగా తలుపు పెట్టాలి. రంగు వాసన పూర్తిగా పోయేవరకు తాబేటిని లోపలికి పంపకండి.

వేడి కోసం నూనె నింపిన విద్యుత్ రేడియేటర్‌నో, కప్పుకు లోపలివైపు బిగించే రేడియంట్ ప్యానెల్‌నో (వేడిని కిందికి ప్రసరించే పలక) వాడండి. పెద్ద తాబేటికి పైనుంచి ఇరుకుగా వేడిని చిమ్మే బల్బు పనికిరాదు, ఎందుకంటే అది పైడిప్ప మధ్యభాగాన్ని మాడ్చేస్తుందేగాని ఒళ్లంతా వెచ్చబరచలేదు. పైగా లోపల ఎండుగడ్డి ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. రేడియేటర్ ముందు గట్టి చెక్క అడ్డు కట్టకపోతే తాబేలు దాన్ని తోసేస్తుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, వేడిని కొలిచే దాని ప్రోబ్‌ను తాబేటి వీపు ఎత్తులో, తొక్కకుండా కాపాడే చోట బిగించాలి. తీగలన్నీ గొట్టంలో, తాబేటికి అందని ఎత్తులో ఉండాలి. బయటి ప్లగ్‌కు తడి తగిలినప్పుడు తనంతట తాను కరెంటు ఆపేసే రక్షణ ఉండాలి గనుక, ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తాబేటిని చేర్చే ముందు కొన్ని చలి రాత్రులు కొట్టాన్ని ఖాళీగా నడిపి, కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే థర్మామీటరుతో తెల్లవారుజామున లోపల వేడి ఎంతకు పడిపోతోందో చూసుకోవాలి.

ప్రహరీ విషయంలో ఒకే ఒక సూత్రం గుర్తుంచుకోవాలి: అవతలివైపు కనిపించకూడదు. ఇనుప కంచె కడితే సల్కాటా అవతలికి పోవాలని రోజంతా నెడుతుంది, కాళ్లు ఇరికించుకుంటుంది. కనిపించని గోడ దగ్గర మాత్రం కొంతసేపటికి వెనుదిరుగుతుంది. కాంక్రీటు బ్లాకులతో నేలపైకి రెండు అడుగులు, నేలలోకి కనీసం ఒక అడుగు గోడ కట్టి, మూలల్లో పైన అడ్డుపలక వేయండి, ఎందుకంటే మూలల్లోనే తాబేళ్లు పైకి ఎగబాకుతాయి. ఈ జాతి లోతుగా బొరియలు తవ్వుతుంది. ఇంటి పునాదికీ, పొరుగువారి కంచెకూ దగ్గరగా తవ్వకం మొదలైతే వెంటనే రాళ్లతో పూడ్చేయాలి. రెండు మగవాటిని ఒకేచోట ఉంచితే ఒకదాన్నొకటి తిరగేసి గాయపరుస్తాయి. ఆడవైనా మగవైనా రెండింటినే కలిపి ఉంచితే ఒకటి మరొకదాన్ని అణచివేయడం మామూలే. ఈతకొలను ఉంటే దానికి విడిగా అడ్డుగోడ తప్పదు, సల్కాటాకు ఈత రాదు. ఇంటి కుక్క ఎంత సాధువైనా తాబేటితో ఒంటరిగా వదలకండి.

లోపలి నేలపై గరిక పెంచండి. అమెరికాలో బెర్ముడా గడ్డి అని అమ్మేది మన గరికే, సల్కాటాకు అది ఇష్టమైన మేత. మల్బరీ చెట్టు వేస్తే నీడా ఆకులూ రెండూ దొరుకుతాయి. మందారం, ముళ్లు తీసిన నాగజెముడు కూడా మంచివే. గన్నేరు, లాంటానా, సాగో పామ్ విషపూరితమైనవి, టెక్సస్ ఇళ్ల ముందు ఇవి విరివిగా కనిపిస్తాయి కాబట్టి ప్రహరీ లోపలే కాక, గోడపైనుంచి ఆకులు రాలిపడేంత దూరంలో కూడా వాటిని ఉంచవద్దు. పచ్చికపై కలుపు మందు, రసాయన ఎరువు చల్లకూడదు. నీటి కోసం అంచు నేలకు సమంగా ఉండేలా వెడల్పాటి, లోతు తక్కువ పళ్లెం పాతి, రోజూ నీళ్లు మార్చండి. తాబేటిని, పళ్లేన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు తప్పక నేర్పండి, ఎందుకంటే తాబేళ్ల నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకవచ్చు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చినప్పుడు లక్షలాది ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఎంత మంచి ఫోమ్ గోడలైనా కొన్ని గంటలే వేడిని నిలుపుతాయి. కాబట్టి గ్యారేజీలోనో స్నానాల గదిలోనో తాబేటికి చోటు ముందే నిర్ణయించుకుని, ఇద్దరు మనుషులు తాబేటిని ఎత్తి పెట్టగల గట్టి చక్రాల బండిని అక్టోబరు లోపే సిద్ధం చేసి ఉంచండి. కొట్టంలో గాని, గ్యారేజీలో గాని బొగ్గుల కుంపటి, జనరేటర్ వాడకండి, వాటి పొగ తాబేటికే కాదు, ఇంట్లోవారికీ ప్రాణాంతకం.