పాత చైనా కౌంటీ పరిపాలనా చరిత్రను రాజవంశాల వెంబడి తెలుసుకోవడం ఎలా?

చైనా పరిపాలనా చరిత్రలో రాజవంశాలు మారాయి, రాష్ట్రాల పేర్లు, సరిహద్దులు మారాయి, కానీ 'షియన్' అనే అడుగు మెట్టు మాత్రం క్రీ.పూ. 221లో చిన్ సామ్రాజ్యం ఏర్పడకముందు నుంచి నేటి వరకు నిలిచి ఉంది. దీన్నే ఇంగ్లీషు పుస్తకాల ప్రభావంతో మనం కౌంటీ అంటున్నాం. ఒక కౌంటీ చరిత్రను రాయడం తేలికేనని ఈ స్థిరత్వాన్ని చూసిన చాలామంది అనుకుంటారు. పని మొదలుపెట్టాక తెలుస్తుంది, నిలిచి ఉన్నది 'షియన్' అనే పదమే తప్ప దాని కింద ఉన్న భూమి కాదని. ఈ వ్యాసంలో హువాటింగ్ అనే కౌంటీని ఉదాహరణగా తీసుకుని, ఆ చరిత్రను ఏ క్రమంలో వెతకాలో చూద్దాం. షాంఘై పుట్టింది ఈ హువాటింగ్‌ను కోసిన భూమిలోనే కనుక ఇది తెలుగు పాఠకులకు పూర్తిగా అపరిచితమైన ప్రాంతమేమీ కాదు.

మొదటి మెట్టు: ఒక వరుస కాదు, నాలుగు వరుసలు పెట్టుకోండి

కాగితం మీద సంవత్సరాల గడి ఒకటి గీసి, దాని పక్కన నాలుగు గడులు ఉంచండి. మొదటి దానిలో కౌంటీ పేరు, రెండవదానిలో అధికారి కచేరీ ఉన్న ఊరు, మూడవదానిలో దాని పరిధిలోని భూమి, నాలుగవదానిలో అది ఎవరి కింద ఉండేదన్న వివరం రాయాలి. ఈ నాలుగూ ఒకేసారి మారడం చాలా అరుదు. పేరు మారకుండా భూమి సగానికి తగ్గవచ్చు, భూమి మారకుండా పై అధికారి మారవచ్చు, రెండూ మారకుండా కచేరీ మరో ఊరికి తరలిపోవచ్చు. నా ఉద్దేశంలో ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటినీ ఒకే వాక్యంలో కలిపి రాయడం వల్లనే వస్తాయి.

రెండవ మెట్టు: నేటి నుంచి వెనక్కి నడవండి

ప్రాచీన కాలం నుంచి మొదలుపెడితే దారి తప్పుతారు, ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు చోట్ల కౌంటీలు ఉంటాయి. నేడు పటం మీద ఖచ్చితంగా చూపించగలిగిన చోటు నుంచే బయలుదేరాలి. మన ఉదాహరణలో ఆ చోటు షాంఘై మహానగర పరిధిలోని సోంగ్‌జియాంగ్ డిస్ట్రిక్ట్. అది 1998లో డిస్ట్రిక్ట్ అయింది, అంతకుముందు కౌంటీ. 1958లో అది జియాంగ్సు రాష్ట్రం నుంచి షాంఘై కిందికి వచ్చింది. దానికి సోంగ్‌జియాంగ్ కౌంటీ అన్న పేరు 1914లో వచ్చింది, అంతకుముందు దాని పేరు హువాటింగ్.

1914లో పేరు ఎందుకు మార్చారో తెలుసుకోవడం అవసరం. దేశంలో ఒకే పేరున్న కౌంటీలు చాలా ఉండడంతో గణతంత్ర ప్రభుత్వం ఆ ఏడాది అలాంటి పేర్లను పెద్ద సంఖ్యలో మార్చింది. వాయవ్యాన గాన్సు రాష్ట్రంలో మరో హువాటింగ్ ఉంది, అది తన పేరును నిలుపుకుంది, తూర్పు హువాటింగ్ వదులుకోవలసి వచ్చింది. కాబట్టి మీరు పరిశీలిస్తున్న కౌంటీ పేరు 1914లో హఠాత్తుగా మారినట్టు కనిపిస్తే, భూమిలోనో హోదాలోనో మార్పు జరిగిందని తొందరపడి రాయకండి. ముందుగా అదే పేరుతో వేరే రాష్ట్రంలో మరో కౌంటీ ఉందేమో చూడండి.

మూడవ మెట్టు: పాలనా శకాలను క్రీస్తు శకంలోకి మార్చండి

పాత గ్రంథాలు తేదీలను చక్రవర్తి ప్రకటించిన శకం పేరుతో చెబుతాయి. శకం మొదటి ఏడాదికి చెప్పిన అంకెను కలిపి ఒకటి తీసివేస్తే మన సంవత్సరం వస్తుంది. హువాటింగ్ కౌంటీ టాంగ్ వంశ కాలంలో టియాన్‌బావ్ 10వ ఏట ఏర్పడింది. టియాన్‌బావ్ శకం 742లో మొదలైంది కనుక అది 751 అవుతుంది. చాంద్రమాన సంవత్సరపు చివరి నెలలో జరిగిన సంఘటన మన లెక్కలో తరువాతి ఏడాది జనవరిలోకో ఫిబ్రవరిలోకో జారిపోవచ్చు కాబట్టి నెల కూడా ఇచ్చి ఉంటే దాన్ని వదలకండి.

శకాల పేర్లలో ఇంకో చిక్కు ఉంది. మంగోలుల యువాన్ వంశంలో ఝియువాన్ అనే శకం రెండుసార్లు వచ్చింది, మొదటిది 1264 నుంచి 1294 వరకు, రెండవది 1335 నుంచి 1340 వరకు. షాంఘై కౌంటీ ఏర్పాటు ఝియువాన్ 28వ ఏట అని రాసి ఉంటుంది. రెండవ శకం ఆరేళ్లకే ముగిసింది కనుక ఇది మొదటిదే, అంటే 1291. అంకె ఆరులోపు ఉన్నప్పుడు మాత్రం చుట్టూ ఉన్న సంఘటనలను చూసి తేల్చుకోవాలి.

నాలుగవ మెట్టు: పై మెట్ల పదాలను కాలాన్ని బట్టి చదవండి

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే ఒకే పదం వేర్వేరు వంశాలలో వేర్వేరు పరిమాణాలను సూచిస్తుంది. చిన్ వంశం దేశాన్ని 'జున్' అనే విభాగాలుగా చేసి వాటి కింద కౌంటీలను ఉంచింది. హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 106లో 13 తనిఖీ ప్రాంతాలను ఏర్పాటు చేశాడు, వాటిని 'జౌ' అని పిలవడం అలవాటైంది. అవి ఒక్కొక్కటి రాష్ట్రమంత పెద్దవి. ఆ తరువాతి శతాబ్దాలలో జౌల సంఖ్య పెరుగుతూ పరిమాణం తగ్గుతూ వచ్చింది. చివరికి సుయి వంశం 583లో జున్‌లను రద్దు చేసి కౌంటీలను నేరుగా జౌల కింద పెట్టింది. టాంగ్ కాలానికి జౌలు 300కు పైగా ఉన్నాయి. మింగ్, చింగ్ కాలాలకు వచ్చేసరికి చాలా జౌలు కౌంటీ కంటే ఒక వీసం పైన మాత్రమే.

'లు' అనే పదం కూడా అంతే. సోంగ్ వంశంలో అది దాదాపు రాష్ట్రం, యువాన్ వంశంలో రాష్ట్రానికి దిగువన ఉండే విభాగం.

హువాటింగ్‌కు ఇది ఎలా వర్తిస్తుందో చూడండి. అది పుట్టిన 751లో దాని పై అధికార విభాగం పేరు వూ జున్. కొద్ది ఏళ్ల తరువాతి గ్రంథాలలో అది సుజౌ కింద ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే ఒక విభాగం నుంచి మరో విభాగానికి బదిలీ అయిందా? కాలేదు. టాంగ్ ప్రభుత్వం 742లో దేశంలోని జౌలన్నింటి పేర్లను జున్‌లుగా మార్చి, 758లో మళ్లీ జౌలుగా మార్చింది. వూ జున్, సుజౌ ఒకటే. నిజమైన బదిలీ 10వ శతాబ్దంలో జరిగింది. అప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన వూయువే రాజ్యం సుజౌ నుంచి కొంత భాగాన్ని విడదీసి షియుజౌను ఏర్పరచింది, హువాటింగ్ దాని కిందికి వెళ్లింది. ఆ షియుజౌనే సోంగ్ కాలంలో 1195లో జియాషింగ్ ఫు అయింది. 'ఫు' అంటే జౌ లాగే కౌంటీల పైన ఉండే విభాగం, కానీ హోదాలో జౌ కంటే పెద్దది. ఇక్కడ మళ్లీ పేరు, హోదా మారాయే గాని బదిలీ లేదు.

మంగోలులు వచ్చాక 1277లో హువాటింగ్‌కే ఫు హోదా ఇచ్చారు, మరుసటి ఏడాది ఆ ఫు పేరును సోంగ్‌జియాంగ్‌గా మార్చారు. అయితే దాని కింద హువాటింగ్ అనే కౌంటీ అలాగే కొనసాగింది. కాబట్టి 'హువాటింగ్ పేరు 1278లో సోంగ్‌జియాంగ్ అయింది' అని రాస్తే తప్పు. పేరు మారింది పై మెట్టుకు, కౌంటీ పేరు మారడానికి ఇంకా ఆరు శతాబ్దాలకు పైగా పట్టింది.

అయిదవ మెట్టు: ప్రతి విభజనలో ఎవరి భూమి ఎవరికి పోయిందో రాయండి

మీ గడులలో విలువైనది మూడవది, భూమి గడి. 751లో హువాటింగ్‌ను కున్‌షాన్ దక్షిణ భాగం, జియాషింగ్ తూర్పు భాగం, హైయాన్ ఉత్తర భాగం కలిపి చేశారు. అంటే 751కి ముందు ఈ నేల చరిత్ర కావాలంటే ఒక్క తల్లి కౌంటీని కాదు, ముగ్గురు తల్లులను వెతకాలి. ఆ తరువాత తీసుకోవడం ఆగి ఇవ్వడం మొదలైంది. ఈశాన్యంలోని అయిదు గ్రామ సముదాయాలను తీసి షాంఘై కౌంటీని చేశారు. 1542లో హువాటింగ్, షాంఘై రెండింటి నుంచి కొంత కొంత తీసి చింగ్‌పును ఏర్పరచారు, 1553లో దాన్ని రద్దు చేశారు, 1573లో పునరుద్ధరించారు. రద్దయిన ఇరవై ఏళ్లను మరచి 'చింగ్‌పు 1542 నుంచి ఉంది' అని రాసేవారు కనిపిస్తారు. పునరుద్ధరణ తరువాత దాని కచేరీ మొదట ఉన్న చింగ్‌లాంగ్ పట్టణంలో కాకుండా వేరే చోట పెట్టారన్నది రెండవ గడిలో నమోదు కావాలి.

చింగ్ వంశంలో 1656లో హువాటింగ్‌ను రెండుగా చీల్చి లౌ కౌంటీని చేశారు. రెండు కౌంటీల కచేరీలూ ఒకే ప్రాకారం లోపల, సోంగ్‌జియాంగ్ నగరంలోనే ఉండేవి. ఒకే ఊళ్లో ఇద్దరు అధికారులు ఎందుకన్న ప్రశ్నకు జవాబు పన్నులో ఉంది. సుజౌ, సోంగ్‌జియాంగ్ ప్రాంతం దేశంలోనే అత్యధిక భూమి శిస్తు మోసిన ప్రాంతం, అంత బకాయిని ఒక్క అధికారి వసూలు చేయలేకపోయేవాడు. అదే కారణంతో యోంగ్‌ఝెంగ్ చక్రవర్తి కాలంలో 1724లో హువాటింగ్ నుంచి ఫెంగ్‌షియన్‌ను, లౌ నుంచి జిన్‌షాన్‌ను, షాంఘై నుంచి నాన్‌హుయిని విడదీయడానికి అనుమతి ఇచ్చారు. విభజనకు కారణం కనిపించనప్పుడు శిస్తు పద్దులను చూడడం మంచి అలవాటు.

చింగ్ చివరి కాలానికి సోంగ్‌జియాంగ్ ఫు కింద ఏడు కౌంటీలు, చువాన్‌షా అనే ఒక ప్రత్యేక విభాగం ఉన్నాయి. 1278లో అక్కడ ఒకే ఒక్క కౌంటీ ఉండేది. 1912లో ఫు రద్దయింది, లౌ తిరిగి హువాటింగ్‌లో కలిసింది.

ఆరవ మెట్టు: పేర్ల ఉచ్చులను, జంట తేదీలను విడదీయండి

లౌ అన్న పేరును హాన్ కాలపు జాబితాలో చూసి, చింగ్ వంశపు లౌ దాని కొనసాగింపు అనుకోవద్దు. ప్రాచీన లౌ కచేరీ నేటి కున్‌షాన్ వైపు ఉండేది, 1656 నాటి లౌ ఆ పాత పేరును అరువు తెచ్చుకుంది, అంతే. హువాటింగ్ పేరు కూడా 751 కంటే ముందే కనిపిస్తుంది. తరువాత వూ రాజ్యాన్ని స్థాపించిన సున్ చువాన్ 219లో తన సేనాని లు షున్‌కు హువాటింగ్ ప్రభువు అన్న బిరుదు ఇచ్చాడు. అది చోటు పేరుకు సాక్ష్యం, కౌంటీకి కాదు. ఇక పండితులు వాడే అలంకార నామాలు వేరే ఉంటాయి. సోంగ్ కాలంలో 1193లో వచ్చిన హువాటింగ్ స్థానిక గెజెటీర్ (ఆ ప్రాంత వివరాల గ్రంథం) శీర్షికలో హువాటింగ్ పేరు లేదు, 'మేఘాల నడుమ' అని అర్థమిచ్చే యున్‌జియన్ అన్న పేరు ఉంది. ఇది తెలియనివారు గ్రంథాలయ జాబితాలో ఆ పుస్తకాన్ని దాటేసి వెళ్లిపోతారు.

తేదీల విషయంలో షాంఘైకి 1291 అని కొన్ని చోట్ల, 1292 అని కొన్ని చోట్ల ఉంటుంది. మొదటిది ఉత్తర్వు, రెండవది కచేరీ తెరిచిన ఏడాది. ఫెంగ్‌షియన్, నాన్‌హుయిలకు ఇలాగే 1724, 1726 కనిపిస్తాయి. ఒకదాన్ని తప్పని కొట్టివేయకుండా రెండింటినీ వాటి అర్థంతో సహా రాయండి.

ఏడవ మెట్టు: ఒక ఊరిని పట్టుకుని సరిచూడండి

గడులు నిండాక, ఆ పరిధిలోని ఏదో ఒక ఊరిని ఎంచుకుని అది ఏ ఏడు ఎవరిదో వరుసగా చెప్పగలరేమో చూసుకోండి. హార్వర్డ్, ఫుడాన్ విశ్వవిద్యాలయాలు కలిసి తయారుచేసిన చారిత్రక భౌగోళిక సమాచార నిధి క్రీ.పూ. 221 నుంచి 1911 వరకు ఇలాంటి వెతుకులాటకు పనికొస్తుంది. ఆ తరువాతి కాలానికి గణతంత్ర, ప్రజా గణతంత్ర ప్రభుత్వాల ఉత్తర్వులను చూడాలి. ఉదాహరణకు హుయినాన్ పట్టణాన్ని తీసుకోండి. అది నేడు షాంఘై మహానగరంలోని పుడోంగ్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. నాన్‌హుయి పుడోంగ్‌లో కలిసిన 2009కి ముందు నాన్‌హుయిది, 1726కు ముందు షాంఘైది, 1292కు ముందు హువాటింగ్‌ది. ఈ గొలుసులో ఎక్కడైనా ఒక ఏడాదికి రెండు యజమానులు వచ్చినా, అసలు యజమానే లేకపోయినా, ఆ ఏటికి సంబంధించిన భూమి గడికి తిరిగి వెళ్లి చదవండి.