గిరి ప్రదక్షిణకి ముందు ఎముకలకి ఇవ్వాల్సిన గడువు

రెండేళ్ల కిందట ఆషాఢ పౌర్ణమి మూడు వారాలుందనగా నాకు బుద్ధి పుట్టింది, ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణ, అంటే కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక, చేసి తీరాలని. అప్పటిదాకా ఆఫీసు మెట్లు కూడా ఎక్కనివాణ్ణి, మర్నాటి నుంచే బీచ్ రోడ్డు మీద రోజుకి పది కిలోమీటర్లు మొదలుపెట్టాను. పది రోజులకి ఆయాసం తగ్గింది, పిక్కలు గట్టిపడ్డాయి. ఇక నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, హనుమంతవాక వచ్చేసరికి కుడిపాదం మీద, రెండో వేలికి వెనక, రూపాయి బిళ్లంత మేర సలుపు. కుంటుకుంటూనే పూర్తి చేశాను. నాలుగు రోజులు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నొప్పి తగ్గకపోయేసరికి మూడు వారాలయ్యాక మళ్లీ తీశారు. ఈసారి సన్నటి పాదం ఎముక చుట్టూ దూదిపింజలాగా తెల్లటి మసక. డాక్టరుగారు పెన్ను మొనతో చూపించి, "ఇది విరిగిన గీత కాదు, అతుకు. అతుకు పడ్డాకే విరిగిందని తెలిసింది" అన్నారు. సూటిగా దెబ్బ ఏదీ తగలకుండా, వట్టి నడకకే ఎముక చిట్లుతుందని నాకు అప్పుడే తెలిసింది. సైనికులకి మాత్రం ఇది పాత సంగతి. కవాతు చేసి చేసి పాదాలు వాచిపోయిన సైనికుల గురించి బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యన్ సైనిక వైద్యుడు 1855లోనే రాశాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో కాబట్టి, ఆ వాపు వెనక ఉన్నది చిట్లిన ఎముకేనని తేలడానికి అన్నాళ్లు పట్టింది.

అసలు తిరకాసు ఎక్కడంటే, ఎముకని మనం రాయి అనుకుంటాం. అది ఎప్పుడూ పని జరుగుతూ ఉండే రోడ్డు లాంటిది. కొల్లాజెన్ అనే పీచు అల్లిక మీద కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు పేరుకుంటే ఎముక అవుతుంది. పీచు వల్ల కాస్త వంగుతుంది, లవణం వల్ల గట్టిగా ఉంటుంది. లోపల చిక్కుకుని ఉండే ఆస్టియోసైట్ కణాలు ఎక్కడ ఒత్తిడి పెరిగిందో పసిగడతాయి. అక్కడికి ముందు ఆస్టియోక్లాస్ట్‌లు వచ్చి దెబ్బతిన్న పాత ఎముకని తవ్వేస్తాయి. ఆ తర్వాత ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి కొత్తది పోస్తాయి. మన వీధి రోడ్డు తవ్వకం ఎలాగో ఇదీ అంతే. తవ్వడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి మూడు నెలలైనా పడుతుంది. ఒక్కసారిగా నడక పెంచితే మూడో నాలుగో వారానికి గుంతలు తవ్వి ఉంటాయి, పూడిక సగం కూడా అయి ఉండదు. కండ బలపడింది కదా అని మనం ఇంకా జోరు పెంచేది సరిగ్గా అప్పుడే. నేను 32 కిలోమీటర్లు నడిచింది ఆ వారంలోనే.

అందుకే ప్రాక్టీసు చందనోత్సవం నాడు మొదలుపెట్టండి. ఆ అక్షయ తృతీయ నుంచి ప్రదక్షిణ మొదలయ్యే ఆషాఢ చతుర్దశికి దాదాపు పది వారాలు. మధ్యలో అధికమాసం వచ్చిన ఏడాది ఇంకో నెల కలిసొస్తుంది. సింహాచలం స్వామి అప్పన్నకి కూడా చందనం అంతా ఒక్కరోజే పూయరు. ఆ రోజు మొదలుపెట్టి పౌర్ణమి పౌర్ణమికి విడతలుగా ఆషాఢ పౌర్ణమి దాకా సమర్పిస్తారు. ఆ లెక్కే మనమూ పెట్టుకుంటే సరి. మొదటి వారం రోజుకి రెండు మూడు కిలోమీటర్లు చాలు, వారానికి కాస్త చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం తగ్గించి నడవండి, పూడ్చేవాళ్లకి టైమివ్వాలి. చివర్లో ఒకటి రెండుసార్లు పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిచి చూసుకోండి. ఆఖరి వారం మాత్రం దాదాపు విశ్రాంతే. మూడు వారాలే మిగిలాయా? ఈ ఏడాది కొండ మెట్లెక్కి దర్శనం చేసుకుని రండి. ప్రదక్షిణ వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

మా పిన్నికి యాభై ఎనిమిది. "ఏటవుతాదిరా, అప్పన్నే నడిపిస్తాడు" అంటుంది. నెలసరి ఆగిన తర్వాత కొన్నేళ్లపాటు ఆడవాళ్లలో తవ్వకం పూడికని మించిపోతుంది. అది బయటికి తెలీదు, నొప్పీ ఉండదు. అందుకని పిన్నిని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎముకల సాంద్రత పరీక్ష చేయించాం. ఎక్కువకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు, ఇదివరకు చిన్నగా జారిపడినా ఎముక విరిగినవాళ్లు కూడా అడిగి నడవాలి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకోవద్దు. గాజుముక్క గుచ్చుకున్నా, లోపల ఎముక చిట్లినా వాళ్లకి తెలీదు.

తిండి సంగతికొస్తే, పూడ్చడానికి సరుకు కావాలి కదా. పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. మన చోడి (రాగి) పిండిలో వంద గ్రాములకి మూడొందల పైచిలుకు ఉంటుంది, పొద్దున్నే ఓ గ్లాసు చోడి అంబలి తాగి బయల్దేరండి. పెరుగు, నువ్వులు, మునగాకు సరేసరి. మన విశాఖ వాళ్లకి ముళ్లతో సహా నమిలేసే ఎండు నెత్తళ్ల చేపలు ఉండనే ఉన్నాయి. నల్లేరు పచ్చడి తింటే ఎముక అతుకుతుందని మా అమ్మమ్మ నమ్మకం. రుచికి నేనూ తింటాను, దాన్ని నమ్ముకుని డాక్టర్ని మానేయను. ఇంత ఎండలో ఉండి కూడా మనలో చాలామందికి విటమిన్ డి తక్కువే. అది లేకపోతే తిన్న కాల్షియం సరిగ్గా ఒంటబట్టదు. పరీక్ష చేయించుకుని డాక్టరు చెబితేనే మాత్రలు వేసుకోండి. సిగరెట్టు ఎముక పూడికని నెమ్మది చేస్తుంది, కనీసం ఈ రెండు నెలలైనా ఆపండి.

నడిచే రోజు దాదాపు నలభై వేల అడుగులు పడతాయి. బయల్దేరే ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు, అది ఆపాల్సిన నొప్పిని కప్పేస్తుంది. కొత్త బూట్లు వద్దు. తొలిపావంచా దగ్గర కొబ్బరినీళ్లకి నేల జారుతూ ఉంటుంది, చిప్ప పెంకులు గుచ్చుకుంటాయి, అక్కడ తోసుకోకండి.

దారిలో నొప్పి వస్తే వేలితో నొక్కి చూడండి. కండ నొప్పి అయితే పిక్కంతా పరుచుకుని ఉంటుంది, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. వేలిమొనంత చోట, ఎముక మీదే, అడుగడుక్కీ పెరిగే నొప్పి అయితే వెంకోజీపాలెం అయినా, ఎన్ఏడీ జంక్షన్ అయినా అక్కడే ఆటో ఎక్కేయండి. గజ్జల్లో నొప్పి వస్తే ఇంకో అడుగు కూడా వెయ్యొద్దు. తుంటి మెడ ఎముక చిట్లి ఉంటే, అది పూర్తిగా విరిగితే ఆపరేషన్ దాకా వెళుతుంది.

ఇంటికొచ్చాక నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించుకోవడం, బిగించి కట్టు కట్టించుకోవడం వద్దు. మొదటి ఎక్స్‌రే బాగానే ఉందన్నా, నొప్పి అదే చోట ఉంటే రెండు మూడు వారాలకి మళ్లీ తీయించండి, తొందరగా తెలియాలంటే ఎంఆర్ఐ. పాదం ఎముక అయితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. ముందు మెత్తటి అతుకు, తర్వాత గట్టి అతుకు. ఆ ఉబ్బుని చెక్కి మళ్లీ పాత ఆకారానికి తేవడం మాత్రం నెలల తరబడి సాగుతుంది. నా పాదం మీద వేలు పెట్టి రాస్తే ఆ చిన్న బొడిపె ఇప్పటికీ తగులుతుంది.