దూకుడుగా నడిపాక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే ఏం చేయాలి

కిందటి మే నెలలో ఏడుగురం ఒకే బండిలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో ఆనకట్ట దాటాక ఈగలపెంట వైపు ఎక్కే ఘాట్ మలుపుల్లో బస్సులను ఒక్కొక్కటిగా దాటుకుంటూ, తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన తర్వాత ఎక్కడా నెమ్మదించకుండా గచ్చిబౌలి దాకా వచ్చేశాను. టోల్‌గేట్ దగ్గర ఆగి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కేసరికి ఆర్‌పీఎం ముల్లు మూడు వేలకు లేచింది గానీ బండి కదలలేదు. ఒక్క క్షణం తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ముందుకు దూకింది. మా అత్తగారి ఒళ్లో ఉన్న ప్రసాదం డబ్బా జారి కిందపడింది, మాడిన వాసన లోపలికి వచ్చింది. ఇల్లు దగ్గరే కదా అని ఆ ట్రాఫిక్‌లో ఇంకో ఆరు కిలోమీటర్లు నడిపాను. అలా చేయకుండా ఉండాల్సింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా క్రమంగా రాస్తున్నాను, ఇలాంటి పరిస్థితి ఎదురైనవారికి పనికివస్తుందని.

ముందుగా గేర్‌బాక్స్‌కు ఏమవుతుందో తెలిస్తే ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య శక్తిని అందించేది ఆయిలే. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కన్వర్టర్ లోపల ఆయిల్ విపరీతంగా చిలకబడి, ఆ శక్తిలో కొంత భాగం వేడిగా మారిపోతుంది. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండే ఆ ఆయిల్ 120 డిగ్రీలు దాటితే త్వరగా చెడిపోవడం మొదలవుతుంది. ఇంకా పైకి పోతే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్ల మీది పూత మాడుతుంది. ఈ వేడిని బయటకు పంపే కూలర్ చాలా బండ్లలో రేడియేటర్‌లోనో దాని ముందరో ఉంటుంది కాబట్టి, బయట ఎండే 42 డిగ్రీలు ఉన్న రోజున దాని పని ఇంకా కష్టమవుతుంది. వేసవిలో ఘాట్ ఎక్కి వచ్చి, నేరుగా మన నగరంలోని గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పాకడమంటే గేర్‌బాక్స్‌కు ఊపిరాడనివ్వకపోవడమే.

దారిలో ఉండగానే గుర్తించవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ మోత పెరిగినా వేగం పెరగకపోవడం, డీ (డ్రైవ్)లో వేశాక రెండు మూడు సెకన్లకు గానీ గేర్ పట్టకపోవడం, గేర్ మారినప్పుడల్లా కుదుపు, మాడిన వాసన, గేర్‌బాక్స్ హెచ్చరిక దీపం వీటిలో ముఖ్యమైనవి. బండి ఒకే గేర్‌లో ఇరుక్కుని ఎంత తొక్కినా మందంగానే సాగుతుంటే, అది గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న లింప్ మోడ్ అయి ఉంటుంది. అలాంటప్పుడు ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి ప్రయాణం కొనసాగించవద్దు. స్టార్ట్ చేయగానే కొన్నిసార్లు మామూలుగా నడుస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే.

బండిని ఎడమవైపు భద్రమైన చోట ఆపి, హజార్డ్ లైట్లు వేసి, పీ (పార్క్)లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఏసీ ఆపండి. ఇంజిన్ టెంపరేచర్ మామూలుగానే ఉండి, కింద ఆయిల్ కారడం లేకపోతే, ఇంజిన్‌ను ఐడిల్‌లోనే కాసేపు నడవనివ్వడం మంచిది. గేర్‌బాక్స్ పంపు ఇంజిన్ తిరిగినప్పుడే తిరుగుతుంది, ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి చల్లబడాలంటే ఆ పంపు నడవాలి. టెంపరేచర్ ముల్లు కూడా ఎర్రగీత వైపు వెళ్తుంటే, లేదా కింద ఎర్రటి ధార కనిపిస్తే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఎట్టి పరిస్థితిలోనూ న్యూట్రల్‌లో రేస్ చేయవద్దు, నీళ్లు పోసి చల్లార్చవద్దు. అరగంట ఆగాక కూడా గేర్ పట్టడం ఆలస్యమైతే బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి పంపడమే సరైన పని. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయవచ్చు. తాడు కట్టి లాగించడం మాత్రం చేయకూడదు, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్ లోపలి భాగాలు ఆయిల్ అందకుండానే రాపిడికి లోనవుతాయి.

జరిగినదాన్ని అక్కడే ఫోన్‌లో రాసుకోండి. ఏ గేర్ నుంచి ఏ గేర్‌కు మారుతుండగా జరిగింది, ఎంత వేగంలో, ఎంతసేపు నడిపాక, వేడిగా ఉన్నప్పుడేనా లేక చల్లగా ఉన్నప్పుడూ వస్తోందా అన్నవి రాస్తే చాలు. పక్కన కూర్చున్నవారు ఆర్‌పీఎం ముల్లు కనిపించేలా చిన్న వీడియో తీస్తే ఇంకా మంచిది. మెకానిక్ దగ్గర బండి చల్లారాక లక్షణం కనిపించకపోవచ్చు, అప్పుడు ఈ వివరాలే ఆధారం.

మర్నాడు బండిని పరీక్షించేటప్పుడు తేలికైనవి ముందు చూడాలి. కింద నేల మీద మరకలున్నాయా, కూలర్‌కు వెళ్లే పైపుల జాయింట్ల దగ్గర తడి ఉందా చూడండి. బ్యాటరీ వోల్టేజీ కొలిపించండి: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల కంటే బాగా తక్కువ ఉంటే, గేర్‌బాక్స్‌లోని సోలెనాయిడ్లు, అంటే ఆయిల్ దారులను తెరిచి మూసే కరెంటు వాల్వులు, సరిగా పనిచేయక కుదుపులు రావచ్చు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ తర్వాత స్కానర్ పెట్టించి కోడ్లు చదివించండి. పీ 0700 అని వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో నమోదైందని మాత్రమే అర్థం, అసలు విషయం దాని వెనక ఉన్న కోడ్లలో ఉంటుంది. ఆయిల్ అతిగా వేడెక్కితే పీ 0218, గేర్ నిష్పత్తి తప్పితే పీ 0730, ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే కన్వర్టర్ లాకప్ క్లచ్ సరిగా పట్టకపోతే పీ 0741 నమోదవుతాయి. కోడ్లను ఫొటో తీసుకునేదాకా ఎవరినీ చెరిపేయనివ్వవద్దు.

ఇక ఆయిల్. దీని దగ్గర తొందర పడకూడదు. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే సాధారణంగా చదునైన నేల మీద, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వెచ్చబడ్డాక, బ్రేక్ తొక్కి పట్టుకుని లీవర్‌ను అన్ని స్థానాల్లోనూ ఒకసారి తిప్పి పీలోకి తెచ్చి చూడాలి. ఇప్పటి బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. వాటిని లిఫ్ట్ మీద సమంగా ఎత్తి, బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రత వచ్చినప్పుడు లెవెల్ ప్లగ్ తీసి చూస్తారు, ఆ ఉష్ణోగ్రతను స్కానర్‌లోనే చదవాలి. చేతి అంచనాతో చూసే చోట ఈ పని చేయించవద్దు. ఒక చుక్కను తెల్లటి టిష్యూ కాగితం మీద వేసి వెలుతురులో చూడండి. కొత్త ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా, తేటగా ఉంటుంది. టీ డికాక్షన్ రంగులోకి మారితే బాగా పాతబడిందనీ, నల్లగా ఉండి మాడిన వాసన కొడితే క్లచ్ పూత దానిలో కలిసిందనీ అనుకోవచ్చు. రోజ్ మిల్క్ లాగా చిక్కటి గులాబీ రంగులో నురగగా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసిందన్నమాట, ఆ బండిని ఒక్క మీటరు కూడా నడపకూడదు. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతాలను తప్పక చూడండి. వాటికి కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య నలిపినప్పుడు గరుకుగా తగిలినా, మెరిసే రవ్వలు కనిపించినా లోపల గట్టి భాగం ఏదో విరుగుతోందన్నమాట.

నా బండిని మొదట చూపించిన గ్యారేజీవారు పైకి ఎత్తకుండా, స్కానర్ పెట్టకుండా, వాసన మాత్రమే చూసి గేర్‌బాక్స్ దించాల్సిందే అన్నారు, లక్షకు పైగా చెప్పారు. నేను ఒప్పుకోలేదు. రెండో చోట ఒక పెద్దాయన బండిని లిఫ్ట్ మీదికి ఎత్తించి, టార్చ్‌లైట్ వేసి, కూలర్ పైపు జాయింట్ చుట్టూ దుమ్ము పట్టిన తడిని నాకు వేలితో తుడిచి చూపించారు. ఆయిల్ లీటరుకు పైగా తగ్గింది. తగ్గిన ఆయిల్‌తో ఘాట్ ఎక్కడం వల్ల పంపు గాలిని కూడా లాగి, ఒత్తిడి చాలక క్లచ్‌లు జారాయని ఆయన వివరించారు. అయస్కాంతం మీద కాటుక ముద్దే ఉంది. జాయింట్ సీల్ మార్చి, ఫిల్టర్ మార్చి, ఆయిల్ మార్చారు.

ఆయిల్ మార్చడంలోనూ ఒక మెలకువ ఉంది. చాంబర్ ప్లగ్ తీస్తే బయటకు వచ్చేది మొత్తం ఆయిల్‌లో సగమో, అంతకన్నా తక్కువో మాత్రమే, మిగిలింది ఎక్కువగా కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకని ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, మళ్లీ మార్చడం మేలు. మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయడాన్ని, బాగా అరిగిన గేర్‌బాక్స్ విషయంలో నేను సమర్థించను, లోపల పేరుకున్న మడ్డి కదిలి ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో చూసే వాల్వ్ బాడీ సన్నని దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ చచ్చిపోతుందని చెప్పేవారూ ఉన్నారు. అప్పటికే పూత పోయిన క్లచ్‌లు ఎలాగూ జారుతాయి, ఆ తప్పు కొత్త ఆయిల్‌ది కాదు. రాణిగంజ్‌లో కొన్నా, షోరూమ్‌లో కొన్నా మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ ఆయిలే కావాలి. సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచేది), డీసీటీకి (రెండు క్లచ్‌లు ఉన్నది) వేరువేరు ఆయిళ్లు ఉంటాయి, ఒకదానిలో మరొకటి పోస్తే పాడవుతాయి. వారంటీలో ఉన్న బండిని బయట విప్పించవద్దు.

ఆయిల్ మార్చి, కంప్యూటర్‌లో అడాప్టేషన్ (గేర్లు మార్చే తీరును కంప్యూటర్‌కు కొత్తగా నేర్పడం) మళ్లీ చేయించాక కూడా జారుడు తగ్గకపోతే, తర్వాత చూడవలసింది సోలెనాయిడ్లు, వాల్వ్ బాడీ, ఆపై కన్వర్టర్. గేర్‌బాక్స్ దించడం చివరి మెట్టు. దించాల్సి వస్తే, కూలర్‌ను కూడా కడిగించడమో మార్చడమో చేయమని రాయించుకోండి, ఎందుకంటే దానిలో మిగిలిన పొడి కొత్త క్లచ్‌లనూ తినేస్తుంది. పాత భాగాలను చూపించమని ముందే అడగండి.

డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీ, ఏఎంటీ (మామూలు క్లచ్, గేర్లను యంత్రమే నడిపేది) ఉన్న బండ్ల సంగతి కొంచెం వేరు. వాటిలో వేడెక్కేది క్లచ్ ప్లేటే. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద సిగ్నల్ దగ్గర బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించే అలవాటు వాటిని తినేస్తాయి. ముందు బండి కదిలి ఖాళీ వచ్చేదాకా బ్రేక్ మీద ఆగి, పాకించకుండా ఒకేసారి కదలాలి. హెచ్చరిక వస్తే పీలో, పీ లేని ఏఎంటీ బండి అయితే న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆపి చల్లారనివ్వాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో కింది గేర్‌లో ఉంచితే మాటిమాటికీ గేర్లు మారడం తగ్గి, వేడి కూడా తగ్గుతుంది, దిగేటప్పుడు అదే గేర్ బ్రేకులకూ సాయపడుతుంది. బండి పూర్తిగా ఆగకుండా డీ నుంచి ఆర్ (రివర్స్)లోకి మార్చవద్దు. నేను ఇప్పుడు ఎత్తు ఎక్కి వచ్చాక పది నిమిషాలు ఆగి టీ తాగి బయలుదేరుతున్నాను. మరమ్మతు చేయించిన రోజు నుంచి మా సెల్లార్‌లో బండి కింద ఒక తెల్లటి అట్టముక్క పరిచి ఉంచాను. పది రోజుల తర్వాత కూడా అది పొడిగానే ఉంది కనుక, రెండోసారి ఆయిల్ మార్పించడానికి ధైర్యంగా తీసుకెళ్లాను.