ఎగ్జిమా, సోరియాసిస్‌లకు సముద్రపు నాచు: ఏది వాడాలి, ఎలా వాడాలి

విశాఖలో తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్లపాలెం వైపు నీరు వెనక్కి తీసిన వేళ రాళ్ల మీద పల్చటి పచ్చ ఆకుల్లాంటి ఉల్వా, గోధుమరంగు సర్గాసం, విసనకర్రలా విచ్చుకున్న పాడినా, ఎర్రటి గ్రాసిలేరియా కనిపిస్తాయి. 1960లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఈ తీరపు శైవలాలను (నాచు జాతులను) అధ్యయనం చేసి పరిశోధన పత్రాలు ప్రచురించారు. చర్మానికి నాచు మంచిదని ఎక్కడో విన్నవారికి, ఇంటి దగ్గరే ఇంత నాచు ఉండగా డబ్బు పెట్టి కొనడం ఎందుకన్న ఆలోచన రావడం సహజమే. కానీ ఆ పని చేయకూడదు. గోధుమరంగు శైవలాల కణాల గోడల్లోని ఆల్జినేట్ అనే జిగురు పదార్థానికి సీసం, కాడ్మియం వంటి లోహాలను పట్టి ఉంచే గుణం ఉంది. మురుగునీటిని శుద్ధి చేయడానికి ఈ శైవలాలను పరిశోధకులు పరీక్షించింది కూడా అందుకే. ఓడరేవు, కర్మాగారాలు, పట్టణపు కాలువలు కలిసే తీరంలో పెరిగిన నాచును రుబ్బి, పగిలిన చర్మం మీద రాయడమంటే ఆ లోహాలనూ, వాటితోపాటు బాక్టీరియానూ పుండులోకి పంపడమే. పైగా లింగ్‌బియా అనే నీలిహరిత శైవలం తగిలితేనే చర్మం బొబ్బలెక్కుతుంది. 1958లో హవాయి దీవుల్లో ఈతకు దిగినవారు దీనివల్లే దద్దుర్ల పాలయ్యారు.

ఏ క్రీమైనా కొనే ముందు జబ్బు ఏమిటో తేల్చుకోవాలి. మనవైపు గుండ్రంగా, దురదగా ఉన్న ప్రతి మచ్చనూ తామర అనేస్తారు. అసలు తామర ఫంగస్ వల్ల వస్తుంది, దానికి ఫంగస్ మందే వాడాలి. గజ్జి కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. ఎగ్జిమా, సోరియాసిస్, సెబొరిక్ డెర్మటైటిస్ (తల, ముఖం మీద జిడ్డు పొట్టు లేచే జబ్బు) మాత్రం శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పడంతో చర్మంలో పుట్టే మంట, వాపు, ఎరుపు. నాచు పదార్థాల ప్రస్తావన ఈ మూడింటి విషయంలోనే అర్థవంతం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిపిన క్రీము తామరను కొన్నాళ్లు అణచి, తర్వాత రెట్టింపుగా పాకిస్తుంది. 2018లో పలు స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం నిబంధన తెచ్చినా, ఈ అలవాటు పూర్తిగా పోలేదు. విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి (కేజీహెచ్) చర్మవ్యాధుల ఓపీలోనో, మీకు అందుబాటులో ఉన్న చర్మవైద్యుల దగ్గరో ఒకసారి చూపించుకుని జబ్బు పేరు తెలుసుకున్నాకే తర్వాతి అడుగు వేయండి.

ఇక పదార్థాల సంగతి. గోధుమ శైవలాల నుంచి వచ్చే ఫ్యూకోయిడాన్‌ను స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ కీలిన్ 1913లో తొలిసారి వేరుచేశాడు. ఇది సల్ఫేట్ అతికిన పొడవాటి చక్కెర గొలుసు. కొరియా, జపాన్ తీరాల్లో పెరిగే ఎక్లోనియా నుంచి ఎకాల్, డైఎకాల్ వంటి ఫ్లోరోటానిన్లు అనే రసాయనాలు వస్తాయి. ఫ్యూకోజాంతిన్ గోధుమ శైవలాల రంగు పదార్థం, ఆస్టాజాంతిన్ హెమటోకోకస్ అనే సూక్ష్మశైవలం నుంచి తీసే ఎర్రటి రంగు, ఫైకోసయనిన్ స్పిరులినా అనే నీలిహరిత శైవలంలోని నీలి ప్రొటీను. చర్మకణాల్లో మంటను రాజేసే ఎన్ఎఫ్-కప్పా-బి అనే మీటను, దాని వెనుక వచ్చే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలను ఇవి తగ్గిస్తాయని ప్రయోగశాల కణాల్లోనూ, ఎలుకల్లోనూ తేలింది. మనుషులపై జరిగిన పరీక్షలు కొద్దిగా, చిన్నవిగా ఉన్నాయి. అందుచేత వీటిని వైద్యుడిచ్చే మందుకు తోడుగా వాడాలి తప్ప, మందు మానేసి వీటిపైనే ఆధారపడకూడదు.

దుకాణదారు చెప్పని ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పై పొరను దాటి లోపలికి వెళ్లాలంటే అణుభారం సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) లోపు ఉండాలన్నది చర్మశాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. ఎకాల్ భారం 372, కనుక దారి దొరుకుతుంది. ఆస్టాజాంతిన్ 597, ఫ్యూకోజాంతిన్ 659, డైఎకాల్ 742 కావడంతో ఇవి గడప దగ్గరే తచ్చాడతాయి. ఫ్యూకోయిడాన్ భారం వేలల్లో, లక్షల్లో ఉంటుంది కాబట్టి అది పైనే పల్చటి పొరగా నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. ఎండి పగిలిన ఎగ్జిమా చర్మానికి ఆ పని తక్కువది కాదని నా అభిప్రాయం. అయితే పగిలిన చర్మం గుండా పెద్ద అణువులు కూడా దూరగలవు, క్రీములోని సువాసన రసాయనాలూ అలాగే దూరగలవు.

కాబట్టి చర్మం ఏ దశలో ఉందో చూసి ఎంచుకోండి. నీరు కారుతున్న పుండుకు క్రీములు పనికిరావు. వైద్యుడు సరేనంటే అక్కడ కాల్షియం ఆల్జినేట్ డ్రెస్సింగ్ వాడవచ్చు. పుండు రసిలోని సోడియం, డ్రెస్సింగ్‌లోని కాల్షియం ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్లి ఆ పట్టీ మెత్తటి జెల్‌గా మారుతుంది, తేమను పీల్చుకుంటుంది. అదే పట్టీని పొడిగా పొలుసులు లేచిన సోరియాసిస్ మచ్చపై వేస్తే ఉన్న తేమనూ లాగేస్తుంది. పొడి మచ్చలకు ఫ్యూకోయిడాన్ లేదా నాచు సారం కలిసిన చిక్కటి మాయిశ్చరైజర్ మేలు. లేబుల్‌పై క్యారజీనన్ అనే ఎర్రనాచు పదార్థం కనిపిస్తే అది క్రీమును చిక్కబరచడానికి వేసినది మాత్రమే. చెప్పాలంటే, వాపు తగ్గించే మందులను పరీక్షించడానికి 1962 నుంచి శాస్త్రవేత్తలు ఎలుక పాదంలోకి సూదితో ఎక్కించి వాపు పుట్టించేది ఈ క్యారజీనన్‌నే. పూతలో దాంతో ఆ భయం లేదు గానీ, నాచు నుంచి వచ్చినదల్లా మంటను చల్లారుస్తుందనే నమ్మకానికి ఇది మంచి విరుగుడు.

లేబుల్ చదవడానికి రెండు నిమిషాలు కేటాయించండి. పదార్థాలను ఎక్కువ పాళ్లలో ఉన్నది ముందు, తక్కువది వెనుక రాస్తారు. ఫీనాక్సీఇథనాల్ అనే నిల్వ రసాయనాన్ని సాధారణంగా ఒక శాతానికి మించి వేయరు కనుక, దాని తర్వాత ఉన్నవన్నీ చాలావరకు అంతకన్నా తక్కువ మోతాదువే అనుకోవచ్చు. ఫ్యూకస్ వెసిక్యులోసస్, లామినేరియా డిజిటాటా, అండేరియా పినాటిఫిడా, ఎక్లోనియా కావా అన్న నాచుల పేర్లు జాబితా చివర ఉంటే, డబ్బా మీద ఎంత పెద్ద సముద్రం బొమ్మ వేసినా లోపల ఉన్నది చిటికెడే. పర్ఫ్యూమ్ అనో, మిథైల్‌ఐసోథయజోలినోన్ (అలర్జీ పుట్టించగల నిల్వ రసాయనం) అనో కనిపిస్తే ఆ సీసా అక్కడే పెట్టేయండి.

కొన్న క్రీమును నేరుగా మచ్చకు రాయవద్దు. మోచేతి మడతకు కాస్త కింద, మచ్చలేని చోట రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజులు రాసి చూడండి. అలర్జీ చాలాసార్లు రెండు నుంచి నాలుగు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది కనుక, ఒక్క పూట చూసి పర్వాలేదనుకోవడం తొందరపాటు. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ క్రీము మీకు కాదు.

ఏమీ కాకపోతే ఇలా వాడండి. గోరువెచ్చని నీటితో ఐదు నుంచి పది నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. వైద్యుడిచ్చిన స్టెరాయిడ్ పూత ఉంటే దానికీ దీనికీ మధ్య అరగంట ఎడం ఉంచండి. స్టెరాయిడ్‌ను చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మాయిశ్చరైజర్ విషయంలో ఇంత పొదుపు అక్కర్లేదు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పెద్దవారికి వారానికి పావుకిలో, అంతకు మించి కూడా పడుతుంది. కాబట్టి ఖరీదైన నాచు క్రీమును మచ్చల వరకే ఉంచుకుని, మిగతా ఒంటికి సువాసన లేని మామూలు మాయిశ్చరైజర్ వాడుకోవడమే తెలివైన పని.

విశాఖ వాతావరణాన్ని బట్టి మార్పులు తప్పవు. మే, జూన్ ఉక్కపోతలో చిక్కటి ఆయింట్‌మెంట్ కింద చెమట నిలిచి పొక్కులు లేస్తాయి కనుక అప్పుడు పల్చటి లోషనో జెల్లో వాడి, చలికాలంలో మళ్లీ చిక్కటి దానికి రావచ్చు. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో సముద్రంలో దిగితే ఉప్పు ఒంటి మీద ఆరకముందే మంచినీటితో కడుక్కుని వెంటనే మాయిశ్చరైజర్ రాయండి. ఫైకోసయనిన్ వేడికి, వెలుతురుకి రంగు కోల్పోయి చెడిపోతుంది, ఫ్యూకోజాంతిన్‌కూ వెలుతురు పడదు. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో ఉంచిన సీసాలో చివరికి మిగిలేది మామూలు జిడ్డే.

నోటితో తీసుకునే స్పిరులినా, క్లోరెల్లా (పచ్చటి సూక్ష్మశైవలం), కెల్ప్ (పెద్ద గోధుమరంగు నాచు) మాత్రల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. స్పిరులినా తిన్నాక డెర్మటోమయోసైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే చర్మం, కండరాల మీద దాడిచేసే జబ్బు) తిరగబెట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కెల్ప్‌లోని అయోడిన్ మొటిమలను పెంచగలదు, థైరాయిడ్‌ను తారుమారు చేయగలదు. ఫ్యూకోయిడాన్‌కు హెపారిన్‌లా రక్తాన్ని పల్చబరిచే గుణం ఉన్నందున రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు వైద్యుడికి చెప్పకుండా దాన్ని ముట్టకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మాత్రల జోలికి పోకపోవడమే మంచిది.

మొదటి రోజు, తర్వాత ప్రతి ఆదివారం అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో మచ్చ ఫొటో తీసి ఉంచుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఫొటోల మధ్య తేడా కనబడకపోతే ఆ క్రీము ఆపేయండి. జ్వరంతో పాటు నొప్పిగా ఉండే చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచినా, మచ్చలు చీము పట్టినా, ఒళ్లంతా ఎర్రబడి చలి వణుకు పుట్టినా ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న ట్యూబులన్నీ సంచిలో వేసుకుని, ఫోనులోని ఫొటోలతో సహా వైద్యుడికి చూపండి.