మీల్‌వార్మ్స్ చస్తుంటే ముందు ట్రే అడుగున చెయ్యి పెట్టండి

"మీల్‌వార్మ్స్ చచ్చిపోతున్నాయండీ" అని, కోళ్ల మేతకు తవుడులో ఈ పురుగుల్ని పెంచేవాళ్లు ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: ట్రే అడుగుదాకా చెయ్యి పెట్టి చూశారా? ఎక్కువమంది పైపైన చూసి ఊరుకుంటారు. పైన తవుడు పొడిగానే కనిపిస్తుంది. తడంతా క్యారెట్ ముక్కల కింద, మూలల్లో, అడుగున పేరుకున్న సన్నటి పెంటపొడిలో ఉంటుంది. మందులు, విటమిన్లు, కొత్త విత్తనం (పెంపకానికి కొని తెచ్చే పురుగులు) అన్నీ తర్వాతి మాట. చెయ్యి పెట్టకుండా ఫోటోలు పంపితే నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.

అడుగున తడి, నల్లబడి మెత్తబడ్డ పురుగులు, ముక్కు మండే వాసన

తేమే కారణం. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గాలే చెమ్మగా ఉంటుంది. దానికి తోడు మిల్లులో చవగ్గా వస్తుందని పచ్చి వరి తవుడు నింపుతారు. అందులో నూనె ఎక్కువ. ఆడించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది, చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది. దాణా కొట్లో దొరికే గోధుమ తవుడుకు మారండి, రెండు మూడు అంగుళాలకు మించి పొయ్యకండి. ట్రే మొత్తం జల్లించి గడ్డలు, నల్లవి తీసేయండి. ఆ నల్లవి కోళ్లకు వెయ్యకండి. వానాకాలంలో క్యారెట్, బంగాళాదుంప ముక్కలు పొద్దున వేసి సాయంత్రం తీసేయాలి. నీళ్లు చిలకరించడం ఏ కాలంలోనూ వద్దు. ఆ ముక్కల్లో ఉన్న నీరే వాటికి సరిపోతుంది.

పురుగులన్నీ పైకి తేలి అంచుల వెంట తిరుగుతున్నాయి

మళ్ళీ చెయ్యి పెట్టండి. ఈసారి తడి కాదు, వేడి తగులుతుంది. గుంపుగా ఉన్న పురుగులు తమ వేడి తామే పుట్టిస్తాయి. గది మామూలుగా ఉన్నా తవుడు లోపల వేడెక్కుతుంది. వీటికి 25 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే కష్టం. వైశాఖంలో రేకుల షెడ్డు కింద పెట్టి, బతకలేదని విత్తనం అమ్మినవాణ్ణి తిట్టడం న్యాయం కాదు. ఒక ట్రేని రెండు చేసి, ఇంట్లో చల్లగా ఉండే మూలకు మార్చండి.

తెల్లగా, కదలకుండా పడున్నాయి

అవి చావలేదు. కుబుసం విడిచిన పురుగు కాసేపు పాలలా తెల్లగా ఉంటుంది. వంకర తిరిగి, కాళ్లు ముడుచుకుని ఉన్నది ప్యూపా, అంటే గుడ్లు పెట్టే పెంకు పురుగుగా మారే ముందు దశ. వేలితో తాకితే తోక ఆడిస్తుంది. వీటిని చచ్చినవనుకుని గుప్పెళ్లతో పారబోసినవాళ్లు నాకు తెలుసు. మూడు నెలలు పెంచిన కష్టం అది. వేరే డబ్బాలోకి తీసి పెట్టండి, ట్రేలోనే వదిలేస్తే మిగతా పురుగులు కొరుక్కు తింటాయి.

పెంకు పురుగులు మాత్రం వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి

ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. తడి లేదు, వేడి లేదు, వాసన లేదు. పక్క ట్రేలో పిల్ల పురుగులు శుభ్రంగా తింటున్నాయి. పెంకు పురుగులు మాత్రం రెండు మూడు రోజుల్లో వెల్లకిలా పడి, కాళ్లు వణికించి పోతున్నాయి. ఇది రోగం కాదు, విషం.

తిత్లీ తుపాను వెళ్లిన మరుసటి ఏడాది, అంటే 2019లో, నేను మొదటిసారి రెండంతస్తుల ట్రే కట్టాను. పెంకు పురుగులు తమ గుడ్లు తామే తినేస్తాయి. అందుకని పై ట్రే అడుగు కోసి వల అతికిస్తే, గుడ్లు తవుడుతో పాటు కిందికి రాలతాయి. మనలో చాలామంది చేసే పద్ధతే ఇది. వలకు డబ్బు ఖర్చెందుకని ఇంట్లో ఉన్న పాత దోమతెర కత్తిరించి అతికించాను. సీతంపేట కొండల వైపు ఉండే మా పిన్ని ఎప్పుడో ఇచ్చిన తెర అది.

మొదటి విడత పెంకు పురుగులు నాలుగో రోజుకు మిగల్లేదు. విత్తనం మంచిది కాదనుకున్నాను. మరోచోట నుంచి తెచ్చాను, అవీ పోయాయి. తవుడులో మందు ఉందేమోనని తవుడు మార్చాను. గమ్ము వాసన పడలేదేమోనని తెర ఊడదీసి, సబ్బుతో ఉతికి, మళ్ళీ అతికించాను. మూడో విడతా అంతే. పెట్టిన ఖర్చు కంటే, గుడ్డు నుంచి పెంకు పురుగు దాకా పెంచిన నెలలు పోయినందుకే నాకు ఎక్కువ బాధ.

సంక్రాంతికి వచ్చిన పిన్ని ట్రే చూసి, "ఆ తెర మీద వాల్తే ఈగే బతకదు, నీ పురుగులు బతుకుతాయేట్రా?" అంది.

అప్పుడు తెలిసింది. మలేరియా ఎక్కువగా ఉన్న ఏజెన్సీ ఊళ్లలో ఇంటింటికీ పంచిన తెరలు కొట్లో కొనే మామూలు తెరలు కావు. వాటికి డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందు పట్టించి ఉంటుంది. సుమారు 20 ఉతుకుల దాకా, మూడేళ్ల దాకా పనిచేసేలా తయారుచేస్తారు. దోమ కాలు ఆనితే చాలు పడిపోవాలన్నది వాటి ఉద్దేశం. నేనేమో పగలూ రాత్రీ అదే తెర మీద పెంకు పురుగుల్ని నడిపించాను. కింది ట్రేకి తెర తగలదు గనుక అక్కడి పురుగులు బాగున్నాయి. ఆ ఒక్క తేడా గమనించి ఉంటే మొదటి విడతతోనే దొరికేది.

బల్లులు రాకుండా ట్రే మీద దోమతెర కప్పేవాళ్లకూ ఇదే గతి. తెర జారి తవుడుకు తగిలితే చాలు. అదే జాతి మందు ఇంకా చాలా దారుల్లో వస్తుంది. చీమలకని స్టాండు కాళ్లకు గీసిన సుద్దముక్క, రాత్రి తలుపులేసి వెలిగించిన దోమల చుట్ట, ప్లగ్గులో పెట్టే దోమల మందు. మన కోళ్ల పెంపకందార్లు మరచిపోయేది మరొకటుంది. కోళ్లకు పేల మందు రాసి, అదే చేత్తో వచ్చి ట్రే కలుపుతారు.

అనుమానం తీరాలంటే మూడు గాజు సీసాలు చాలు. ఒక్కోదాంట్లో పది ఆరోగ్యమైన పెంకు పురుగులు. మొదటిదాంట్లో మీ తవుడు, రెండోదాంట్లో వేరేచోట తెచ్చిన తవుడు వేసి మీ గదిలోనే పెట్టండి. మూడోదాంట్లో కూడా వేరేచోట తెచ్చిన తవుడే వేసి, దోమల మందు వాడని ఇంట్లో పెట్టండి. నాలుగైదు రోజులు చూడండి. మొదటిది మాత్రమే పోతే తవుడులో ఉంది. మొదటి రెండూ పోతే గదిలో ఉంది. మూడూ బతికితే ట్రేలో ఉంది: వల, గమ్ము, కప్పిన గుడ్డ ఒక్కొక్కటీ విప్పి చూడండి.

వల కారణమైతే ట్రే మొత్తం పక్కన పడెయ్యండి, కడిగి వాడదామనుకోకండి. హార్డ్‌వేర్ కొట్లో కిటికీలకు మీటర్ల లెక్కన అమ్మే స్టీలు జాలీ తెచ్చుకోండి. ఆ తెర మీద నడిచిన పురుగులు కోళ్లకు వెయ్యకండి. పక్షులకు ఈ మందు పెద్దగా హాని చెయ్యదు గాని, గుడ్డు మనమూ తింటాం కదా. గోతిలో పూడ్చండి. తెరను చెరువులో మాత్రం ఉతకొద్దు, చేపలకు ఈ మందు ప్రాణాంతకం.

దోమల చుట్ట పొగే కారణమైతే తవుడు పారెయ్యకండి, అందులో గుడ్లు ఉంటాయి. గాలి ఆడే వసారాలో మూడు నాలుగు వారాలు ఉంచండి. గుడ్లు బతికి ఉంటే తవుడు పైభాగం సన్నగా కదలడం మొదలవుతుంది. ఒకసారి నాకు అలా సగం ట్రే దక్కింది.

మిగతావి

తవుడు మీద బూడిదలాంటి పొడి కదులుతుంటే అవి పిండి నల్లులు (మైట్స్), మంచాల్లో ఉండే నల్లులు కావు. తేమతోనే వస్తాయి. ఆ తవుడు పారేసి ట్రే ఎండలో ఆరబెట్టండి, కొత్త తవుడును వాడే ముందు నాలుగైదు రోజులు ఫ్రీజర్లో ఉంచండి. బియ్యంలో వేసినట్టు వేపాకు వెయ్యకండి. అక్కడ పురుగును ఆపే ఆకే ఇక్కడా ఆపుతుంది. బోరిక్ పౌడర్ కలిపిన నూకలూ అంతే. బూజు రోగాలు, వైరస్‌లు ఇళ్లలో పెంచే రెండు మూడు ట్రేల్లో నేను చూసింది లేదు, వాటి గురించి బెంగ వద్దు.

చీమలకు సుద్దముక్క బదులు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. వారానికోసారి నీళ్లు మార్చి, ఒక చుక్క కొబ్బరినూనె వెయ్యండి. లేకపోతే ఆ గిన్నెల్లోనే దోమలు పుడతాయి, మళ్ళీ ఇంట్లో చుట్ట వెలిగిస్తారు.