చిన్న అక్వేరియంలో తొలి చేపలు: మన నీటికి, మన ఎండకు తగినవి ఎంచుకోవడం ఎలా

విజయవాడ, గుంటూరు ఇళ్లలో కొత్తగా చేపలు పెంచదలచినవారు సాధారణంగా రెండడుగుల ట్యాంకుతో మొదలుపెడతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకును అంచుల దాకా నింపితే సుమారు 56 లీటర్ల నీరు పడుతుంది. అడుగున రాళ్లు పరిచి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలాక మిగిలేది 45 లీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ కొద్దిపాటి నీటిలో ఏ చేపలు కలిసి బతుకుతాయో ముందే నిర్ణయించుకుని దుకాణానికి వెళ్లాలి. అక్కడ ఒకే ట్యాంకులో తిరుగుతున్న చేపలన్నీ మన ఇంట్లోనూ కలిసి ఉంటాయని అనుకోకూడదు, ఎందుకంటే దుకాణంలో అవి ఉండేది కొద్ది రోజులే, పైగా వాటిలో చాలా భాగం ఇంకా పిల్లలు.

చేపల పొత్తు అనగానే అందరూ ఏది దేన్ని కొరుకుతుందని అడుగుతారు. అది అవసరమైన ప్రశ్నే, కానీ మన ప్రాంతంలో అది మొదటి ప్రశ్న కాదు. ముందు ఆ చేప మన నీటిలోనూ, మన వేసవిలోనూ నిలబడుతుందో లేదో చూడాలి. తరువాత అది పెరిగి ఎంతవుతుందో తెలుసుకోవాలి. ఈ రెండూ దాటిన చేపల విషయంలోనే స్వభావం గురించి ఆలోచించాలి.

నీటి సంగతి చూద్దాం. కార్పొరేషన్ కుళాయిలో వచ్చే కృష్ణా నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను కాల్చేస్తుంది, కాబట్టి నీటిని వెడల్పాటి తొట్టెలో ఒక రోజంతా నిల్వ ఉంచాలి, లేదా దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో కలపాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని సున్నం, ఇతర లవణాలు ఎక్కువగా ఉంటాయి. బకెట్టు అంచున తెల్లటి చార కడితే మీ నీరు ఆ రకమని అర్థం. ఇది లోపమేమీ కాదు, గప్పీ, ప్లాటీ, మోలీ వంటి చేపలు కోరుకునేది అలాంటి నీటినే. కొందరు చేపల మీది ప్రేమతో వంటింట్లోని ఆర్వో ప్యూరిఫైయర్ నీటితో ట్యాంకు నింపుతారు. ఆ నీటిలో లవణాలు దాదాపు మిగలవు. అలాంటి నీటిలో మోలీ ముందుకు కదలకుండా ఉన్నచోటనే ఒళ్లంతా వణికిస్తూ ఈదడం మొదలుపెడుతుంది. అది ఆట కాదని, నీరు సరిపడలేదని తెలుసుకోవాలి.

ఇక ఎండ. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ లేని గదిలోని ట్యాంకు నీరు 32 డిగ్రీలకు, ఒక్కొక్కప్పుడు ఇంకా పైకి చేరుతుంది. నీరు వేడెక్కే కొద్దీ దానిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 32 డిగ్రీల వద్ద ఏడుకు కొంచెం పైన మాత్రమే నిలుస్తుంది. అదే సమయంలో వేడి వల్ల చేప శరీరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అందువల్లనే చల్లని నీటిలో హాయిగా ఉండే గోల్డ్ ఫిష్, 26 డిగ్రీల లోపు నీటిని ఇష్టపడే నియాన్ టెట్రా మన చిన్న ట్యాంకులకు తొలి చేపలుగా పనికిరావన్నది నా గట్టి అభిప్రాయం. గోల్డ్ ఫిష్ విషయంలో మరో అడ్డంకి కూడా ఉంది: అది పెద్దదవుతుంది, తిన్నదానికి తగ్గట్టు చాలా మలినం వదులుతుంది. వాస్తు కోసం తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు పెట్టాలనుకునేవారు రెండడుగుల ట్యాంకులో ఆ పని చేయవద్దని వేడుకుంటున్నాను.

చేపలు కొనేముందు ట్యాంకు సిద్ధం కావాలి. చేప మలినం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషమే, మూడవది కొంత మేరకు ఉన్నా హాని చేయదు. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీరు ఎంత వెచ్చగా, ఎంత క్షారంగా ఉంటే అమ్మోనియా అంత ఎక్కువ విషపూరితమవుతుంది. మన బోరు నీరు చాలాచోట్ల ఈ రెండు లక్షణాలూ కలిగి ఉంటుంది కాబట్టి ట్యాంకు కొన్న సాయంత్రమే చేపలు వేసే అలవాటు ఇక్కడ మరింత ప్రమాదకరం. చేపలు లేకుండానే ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి నైట్రేటు కనిపించే దాకా ఆగాలి. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉన్న స్నేహితుడెవరైనా తన పాత ఫిల్టరు స్పాంజి ముక్క ఇస్తే ఈ గడువు బాగా తగ్గుతుంది.

ఇన్ని షరతులకూ నిలిచే తొలి చేపల్లో నేను ముందుగా చెప్పేది మగ గప్పీలనే. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఒక్కసారి మగచేపతో కలిసిన ఆడ గప్పీ ఆ తరువాత మగచేప లేకపోయినా కొన్ని నెలల పాటు ఈతలు ఈనగలదు, రెండు ఈతల మధ్య దాదాపు నాలుగు వారాలే ఉంటాయి. దుకాణంలో కొన్న ఆడచేప అప్పటికే చూలుతో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అందుకే చిన్న ట్యాంకుకు ఒకే రకం, అంటే మగవాటినే ఎంచుకోవడం మేలు. రంగు చూసి మాత్రమే నిర్ధారించుకోకండి. పొట్ట కింద, తోకకు ముందు ఉండే రెక్కను గమనించండి. ఆడచేపలో అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, మగచేపలో సన్నని పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది. ఆరు మగ గప్పీలు, వాటితో మూడు ప్లాటీలు ఉంటే 45 లీటర్ల ట్యాంకు నిండుగా, ప్రశాంతంగా ఉంటుంది. ప్లాటీలు కూడా పిల్లలను కనేవే గనుక వాటిలోనూ మగవాటినే తీసుకోవాలి. మోలీ మన నీటికి బాగా సరిపోతుంది గాని కాస్త పెద్దది, మూడడుగుల ట్యాంకులో అది మరింత సుఖంగా ఉంటుంది.

చురుగ్గా కదిలే చేపలు కావాలనుకునేవారికి జీబ్రా డానియో తగినది. ఇది మన దేశపు వాగుల్లో సహజంగా బతికే చేప, వేడిలో చాలా హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. ఆరింటికి తక్కువ కాకుండా గుంపుగా ఉంచాలి, ఎగిరి బయట పడే గుణం ఉంది కాబట్టి మూత తప్పనిసరి. పొడవాటి తోకల గప్పీలతో మాత్రం వీటిని కలపకపోవడమే మంచిది, ఎందుకంటే వీటి వేగానికి అవి బెదిరిపోతాయి, తోకలు చిరుగుతాయి. నెమ్మదైన చేప ఇష్టమైతే హనీ గౌరామీ ఉంది. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు, కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిన గంటల్లో ఆ శక్తి దానికి అక్కరకొస్తుంది. ఫైటర్ చేపకూ అదే శక్తి ఉంది, కానీ మగ ఫైటర్‌ను ఒంటరిగా 20 లీటర్ల ట్యాంకులో ఉంచాలి. గప్పీ తోకను చూసి మరో ఫైటర్ అనుకుని దాని మీద పడుతుంది.

దుకాణదారు చూపించినా వద్దనవలసినవి కొన్ని ఉన్నాయి. టైగర్ బార్బ్ పొడవు రెక్కలను కొరుకుతుంది. ఏంజెల్ అరచేయంత పెరిగి చిన్న చేపలను మింగుతుంది. షార్క్ పేరుతో అమ్మే వెండి రంగు పిల్లలు చాలాసార్లు కైకలూరు, కొల్లేరు వైపు చెరువుల్లో తినడానికి పెంచే పంగస్ చేప పిల్లలే. కిలోల బరువు తూగే ఆ చేపకు గాజు ట్యాంకు చోటు కాదు. ట్యాంకు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది, పాచి తిన్నా చేపల మలినాన్ని తినదు, తనదీ బోలెడు కలుపుతుంది. పెరిగాక భరించలేక దాన్ని ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వదలడం ఎంతమాత్రం తగదు. అలా నీటి వనరుల్లోకి చేరిన సక్కర్ చేపలు మన చెరువుల్లోనూ, నదుల్లోనూ స్థానిక చేపల మేతను, చోటును ఆక్రమిస్తున్నాయి, జాలర్ల వలలు చింపుతున్నాయి.

కొనేటప్పుడు పది నిమిషాలు ఆ ట్యాంకు ముందు నిలబడి చూడాలి. రెక్కలు ముడుచుకున్నవి, పైన చేరి నోరు తెరిచి గసపెట్టేవి, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలున్నవి ఒక్కటి కనిపించినా ఆ ట్యాంకులోంచి ఏదీ కొనకూడదు. రంగు చేపలు చాలా వరకు చెన్నై, కోల్‌కతాల నుంచి సంచుల్లో దూర ప్రయాణం చేసి వస్తాయి. ఎప్పుడు దించారో అడిగి, వారం గడిచిన సరుకునే తీసుకోవాలి.

ఇంటికి తెచ్చాక సంచిని 20 నిమిషాలు ట్యాంకు నీటి మీద తేలనివ్వాలి, తరువాత మరో అరగంటలో కొద్దికొద్దిగా మన నీటిని సంచిలో కలపాలి, చివరికి చేపలను మాత్రమే వలతో ట్యాంకులోకి మార్చి, సంచి నీటిని పారబోయాలి. మొదటి విడతలో మూడు ప్లాటీలు చాలు. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత మేతే వేయాలి. వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చాలి. రెండు మూడు వారాల పాటు అమ్మోనియా, నైట్రైటు సున్నా దాటకపోతే గప్పీలను తేవచ్చు. ఈ పనంతా అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలుపెడితే ట్యాంకు కుదురుకోవడానికి వేసవి లోపు తగినంత వ్యవధి దొరుకుతుంది. ఏప్రిల్ తరువాత కొత్త చేపలు వేయకుండా, మేత కొంచెం తగ్గించి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి అందుబాటులో ఉంచుకోవాలి. ఆవిరై తగ్గిన నీటిని క్లోరిన్ తీసిన నీటితో రోజూ భర్తీ చేస్తూ ఉండాలి.