జపాన్‌లో తక్కువ ఖర్చుతో సంప్రదాయ భోజనం చేయడం ఎలా?

ఉద్యోగం కోసమో, చదువు కోసమో కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల నుంచి జపాన్ వెళ్ళేవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే సమస్య భోజనం. పెద్ద నగరాల్లో భారతీయ హోటళ్ళు ఉన్నప్పటికీ, రోజూ వాటిలో తినడం కొత్తగా చేరినవారికి భారమవుతుంది. అక్కడి సామాన్యులు మధ్యాహ్నం పూట తినే తేషోకు హోటళ్ళలో మాత్రం 700 నుంచి 1,000 యెన్ల లోపు, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వందల రూపాయల్లో కడుపు నిండుతుంది. తేషోకు అంటే ఒకే పళ్ళెంలో అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఒక ప్రధాన వంటకం, ఊరబెట్టిన కూరగాయ ముక్కలు కలిపి ఇచ్చే భోజనం. ఒకే హోటల్‌లో రాత్రి కంటే మధ్యాహ్నం ధర తరచుగా తక్కువగా ఉంటుంది కాబట్టి, రోజులో ఒక్కపూటే బయట తినదలచినవారు పదకొండు నుంచి రెండు గంటల మధ్య వెళ్ళడం మేలు.

గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంటే హోటల్ తెరిచి ఉన్నట్టు. చాలాచోట్ల బయట అద్దాల అరలో వంటకాల ప్లాస్టిక్ నమూనాలు ధరలతో సహా పెట్టి ఉంటాయి. భాష రానివారు కావలసిన వంటకాన్ని అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకొని లోపల చూపితే సరిపోతుంది.

మన మెస్సులో ముందు విస్తరి వేసి, తిన్నాక డబ్బులు అడుగుతారు. అక్కడి చౌక హోటళ్ళలో ఈ వరుస చాలావరకు తలకిందులు. గుమ్మం పక్కనే టికెట్ యంత్రం ఉంటుంది. ముందు డబ్బు వేసి, తరువాత బొత్తం నొక్కి, వచ్చిన టికెట్‌ను వంటవాడికో వడ్డించేవారికో ఇవ్వాలి. ఏమీ అర్థం కానప్పుడు ఎడమ వైపు పై వరుసలోని మొదటి బొత్తాన్ని గమనించండి. ఆ హోటల్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే వంటకాన్ని సాధారణంగా అక్కడే ఉంచుతారు. పాత యంత్రాలు నాణేలు, వెయ్యి యెన్ల నోట్లు తప్ప మరేవీ తీసుకోవు. 2024 జూలైలో విడుదలైన కొత్త నోట్లను తిప్పికొట్టే యంత్రాలూ ఉన్నాయి కనుక జేబులో చిల్లర ఉంచుకోవడం అవసరం. కొన్ని యంత్రాల్లో మిగిలిన చిల్లర దానంతట అది రాదు. పక్కనున్న మీట తిప్పాలి.

బొత్తం నొక్కడానికి ముందే తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. యోషినోయా, సుకియా, మాత్సుయా వంటి, ఊరూరా శాఖలున్న హోటళ్ళలో అతి చౌకగా దొరికే ‘గ్యూదోన్’ గొడ్డుమాంసంతో చేసినది. ‘బుతా’, ‘తోన్’ అన్న మాటలు కనిపిస్తే అది పంది మాంసం. కోడిమాంసం తినేవారికి నూనెలో వేయించిన కోడి ముక్కలైన కరాగే, కోడిమాంసం గుడ్డు కలిపి అన్నం మీద వేసే ఓయాకోదోన్ అనువైనవి. అయితే కరాగేను పంది మాంసం వేయించిన నూనెలోనే వేయించి ఉండవచ్చు. పులుసుల్లో, నానబెట్టే మసాలాల్లో మిరిన్, సాకే అనే మద్యాలు కలవడం మామూలు. హలాల్ పాటించేవారు ఈ సంగతిని తప్పనిసరిగా అడిగి తెలుసుకోవాలి.

శాకాహారుల కష్టం ఇంతకంటే పెద్దది. ‘మాంసం వద్దు’ అన్నంత మాత్రాన సరిపోదు. ఎండబెట్టిన కత్సువో చేపతో కాచిన దాషి అనే రసం మిసో సూప్‌లోనూ, సోబా, ఉడాన్ అనే నూడుల్స్ పులుసుల్లోనూ ఉంటుంది, దాన్ని అక్కడివారు మాంసంగా లెక్కించరు. మాంసం, చేప, చేప రసం ఏవీ తిననని జపనీస్‌లో రాయించుకున్న చీటీ ఒకటి వెంట ఉంచుకోవడమే నమ్మదగిన మార్గం. ఉత్త అన్నం, ఉడికించిన సోయా కాయలైన ఎదామామె, పైన చేప తురుము వద్దని చెప్పిన చల్లని తోఫు (సోయా పాల గడ్డ) చాలాచోట్ల దొరుకుతాయి. బౌద్ధాలయాల్లో వడ్డించే షోజిన్ ర్యోరి పూర్తి శాకాహారమే గానీ, దాని ధర వేరే స్థాయిది.

ఒంటరిగా వెళితే ఒక వేలు చూపితే చాలు, కౌంటర్ దగ్గర చోటు చూపిస్తారు. చాపలు పరిచిన గది అయితే చెప్పులు, బూట్లు బయట విడిచి మేజోళ్ళతోనే లోపలికి వెళ్ళాలి. తడి తువాలు చేతులు తుడుచుకోవడానికే గాని ముఖానికి కాదు. నీళ్ళకు, టీకి సాధారణంగా డబ్బు తీసుకోరు. అన్నం గిన్నెను ఎడమ చేత్తో పైకెత్తి తినడం అక్కడ మర్యాదే. తినడానికి వాడే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించడం మాత్రం చేయరాదు. ఆ రెండూ అంత్యక్రియల ఆచారాలను గుర్తుకు తెస్తాయి. సోబా, ఉడాన్‌లను శబ్దంతో జుర్రుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు.

కారం విషయంలో సీమవాసులు కొంత సర్దుకోక తప్పదు. బల్ల మీద ఉండే షిచిమి అనే ఏడు దినుసుల మిరప పొడి చప్పదనాన్ని కొంత తగ్గిస్తుంది. దానికి వేరే డబ్బు ఇవ్వనక్కరలేదు. వెంట తెచ్చుకున్న వేరుశనగ పొడి పొట్లాన్ని మాత్రం హోటల్‌లో విప్పకండి. బయటి తిండి తెచ్చి తినడాన్ని అక్కడ ఇష్టపడరు. అన్నం మీద సోయా సాస్ పోసి కలుపుకోవడమూ వారి పద్ధతి కాదు. ఉత్త అన్నాన్ని ఒక ముద్ద, చేపను ఒక ముక్క, సూప్‌ను ఒక గుక్క మార్చి మార్చి తింటేనే ఆ భోజనపు రుచి తెలుస్తుందని నా అభిప్రాయం. యాయోయికెన్ వంటి హోటళ్ళలో అన్నం మళ్ళీ పెట్టించుకోవచ్చు గానీ, ధర మారుతుందా లేదా అన్నది శాఖను బట్టి ఉంటుంది.

టికెట్ యంత్రం లేనిచోట బల్ల మీది బిల్లు తీసుకొని గుమ్మం దగ్గరి కౌంటర్‌లో, డబ్బు పెట్టే చిన్న పళ్ళెంలో చెల్లించాలి. టిప్పు ఇవ్వకూడదు, ఇచ్చినా వెనక్కి తెచ్చి ఇస్తారు. వెళ్ళేటప్పుడు, మంచి భోజనానికి ధన్యవాదాలు అనే అర్థంలో ‘గొచిసోసామా దేషితా’ అంటే వంటవాళ్ళు సంతోషిస్తారు. సెల్ఫ్‌సర్వీసు ఉడాన్ అంగళ్ళలో తిన్న పళ్ళేన్ని మనమే తీసుకెళ్ళి తిరిగి ఇచ్చే అరలో పెట్టాలి. రాత్రి ఇజకాయ అనే మద్యం, తిండి దొరికే అంగడికి వెళితే అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో తినుబండారం తెచ్చి పెడతారు. అది ఉచితం కాదు, మనిషికి 300 నుంచి 500 యెన్ల వరకు బిల్లులో కలుస్తుంది.